నమ్మడం, నమ్ముకోవడం

అరసవల్లి అసలు పేరు హర్షవల్లి అని, అంటే సంతోషం కొలువున్న చోటు అని శ్రీకాకుళంలో పెద్దవాళ్ళు చెబుతారు. ఏటా మార్చి 9, 10 తేదీల ప్రాంతంలో ఒకసారి, అక్టోబరు మొదటి రోజుల్లో ఇంకోసారి సూర్యోదయ కిరణాలు అక్కడి గాలిగోపురం దాటి, అనివెట్టి మండపం మీదుగా గర్భగుడిలోకి వచ్చి సూర్యనారాయణ స్వామి పాదాలను తాకుతాయి. సూర్యుడు ఉత్తరానికి వెళ్ళేటప్పుడు ఒకసారి, దక్షిణానికి తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి ఆకాశంలో అదే చోట ఉదయిస్తాడు కాబట్టి ఇలా ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. ఈ లెక్క తెలిసిన సైన్సు మాస్టార్లు కూడా ఆ క్యూలో నిలబడతారు. లెక్క తెలిసినంత మాత్రాన దణ్ణం పెట్టాలన్న కోరిక పోదు.

కిరణాలు పాదాల మీద ఉండేది కొద్ది నిమిషాలు. ఆకాశం మబ్బేస్తే ఆ కొద్ది నిమిషాలూ దక్కవు. అలాంటి పొద్దున ముందు వరుసలో వాళ్ళు తూర్పు వైపు తిరిగి తిరిగి చూస్తారు. చంటిపిల్లను భుజాన వేసుకున్న తల్లి పిల్లను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మారుస్తుంది. కాసేపటికి "ఇంక రావులే" అని ఎవరో అంటారు. అందరూ ఒకసారి నిట్టూరుస్తారు. ఆ తర్వాత క్యూ కదులుతుంది. దర్శనం చేసుకుంటారు, పుష్కరిణి గట్టు మీద కూర్చుంటారు, ప్రసాదం కట్టించుకుని బస్సెక్కుతారు. సాయంత్రానికి ఇంట్లో మామూలుగా వంట సాగుతుంది. అక్టోబరులో మళ్ళీ వస్తారు.

ఆ క్యూలో నిలబడ్డ మనిషి కొడుక్కే పోటీ పరీక్షలో రెండు మార్కులు తగ్గి ఉద్యోగం చేజారితే ఆ ఇల్లు నెలల తరబడి కోలుకోదు. రెండూ నమ్మకాలే. స్వామి చూస్తాడన్నది ఒకటి, ఉద్యోగం వస్తే జీవితం సెటిలైపోతుందన్నది ఇంకొకటి. అనుకున్నది జరగనప్పుడు మొదటిది మనిషిని నిలబెట్టింది, రెండోది కూలదోసింది. అందుకే నమ్మకాల వల్ల నిలకడైన సంతోషం దొరుకుతుందా అని అడిగితే అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పలేం. ఆ నమ్మకం మనిషి చేత రోజూ ఏం చేయిస్తోంది, ఎవరి మధ్య నిలబెడుతోంది, కష్టం వచ్చినప్పుడు తప్పు ఎవరి నెత్తిన వేస్తోంది అన్నవి చూడాలి.

ఈ తేడా తెలుగులో ముందే ఉంది. నమ్మడం అన్న మాట ఒకటి, నమ్ముకోవడం అన్న మాట ఒకటి. ఫలానాది నిజమని మనసులో ఒప్పుకుంటే నమ్మడం. దాని మీద బతుకు పెట్టుకుంటే నమ్ముకోవడం. "భూమిని నమ్ముకున్నాం" అనే రైతు భూమి ఉందని చెప్పడం లేదు. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. ఆ తీరం పొడవునా "సముద్రాన్ని నమ్ముకుని బతుకుతున్నాం" అన్న మాట వినిపిస్తుంది. సముద్రం మంచిదని, దయగలదని దాని అర్థం కాదు. అన్ననో బావనో అదే సముద్రం మింగిన ఇళ్ళలో కూడా ఆ మాటే అంటారు. ఇంత తెలిసీ రేపు తెల్లవారుజామున పడవ దించుతారు. నమ్ముకోవడంలో ఫలితం మీద హామీ తక్కువ, పని మీద పట్టు ఎక్కువ. నిలకడైన తృప్తి దొరికితే ఈ నమ్ముకోవడంలోనే దొరుకుతుందని చెప్పడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి.

ముందు సంతోషం సంగతి. 1978లో అమెరికాలో ఫిలిప్ బ్రిక్‌మన్, మరో ఇద్దరు పరిశోధకులు లాటరీ గెలిచిన 22 మందిని, ప్రమాదాల్లో కాళ్ళో చేతులో చచ్చుబడిపోయిన 29 మందిని, మామూలు మనుషులను పోల్చి చూశారు. లాటరీ గెలిచినవాళ్ళు మామూలు వాళ్ళకంటే చెప్పుకోదగ్గ సంతోషంగా ఏమీ లేరు. పైగా స్నేహితుడితో కబుర్లు, పొద్దున టిఫిను లాంటి చిన్న చిన్న సంగతుల్లో వాళ్ళకు దొరికే ఆనందం తగ్గిపోయింది. ప్రమాదానికి గురైనవాళ్ళు మామూలు వాళ్ళకంటే తక్కువ సంతోషంగా ఉన్నా, బయటివాళ్ళు ఊహించుకున్నంత నిరాశలో లేరు. ఇది చిన్న అధ్యయనం. తర్వాత ఏళ్ళ తరబడి మనుషులను వెంబడించి చేసిన పెద్ద అధ్యయనాలు దీన్ని కొంత సరిచేశాయి. తీవ్రమైన వైకల్యం, దీర్ఘకాల నిరుద్యోగం వంటి దెబ్బల నుంచి చాలామంది పూర్తిగా తేరుకోరని అవి తేల్చాయి. మంచికి తొందరగా అలవాటుపడతాం, చెడుకి అంత తొందరగా అలవాటుపడం.

విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లో కోచింగ్ సెంటర్ల చుట్టూ అద్దె గదుల్లో ఉండే కుర్రాళ్ళ నమ్మకాన్ని ఈ వెలుగులో చూడాలి. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. తాతలు రంగూన్ వెళ్ళారు, తండ్రులు హైదరాబాద్, చెన్నై, గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళారు. ఊళ్ళోనే ఉండి, నెల మొదటి తారీఖున జీతం తీసుకోవాలని కోరుకోవడంలో అత్యాశ ఏముంది? ఆ జీతం అమ్మ మందుల ఖర్చు తీరుస్తుంది, అప్పు తీరుస్తుంది, చెల్లి పెళ్ళి చేస్తుంది. అవి నిజమైన సుఖాలు. "అది వస్తే ఇంక టెన్షనే ఉండదు" అన్న దగ్గరే పొరపాటు జరుగుతుంది. ఉద్యోగం వచ్చిన రెండేళ్ళకు బదిలీ గురించి, ఆ తర్వాత విశాఖలో ఫ్లాటు గురించి, ఆ పైన పిల్లల సీటు గురించి అదే మాట అనుకుంటూంటాం. సంతోషం ఎప్పుడూ వచ్చే ఏడాదిలోనే ఉంటుంది.

శాలిహుండంలో వంశధార ఒడ్డున కొండ మీద మిగిలిన ఇటుక స్తూపాల దగ్గర నిలబడితే ఈ మాట ఎంత పాతదో తెలుస్తుంది. కోరిక తీరకపోవడం ఒక్కటే కాదు, కోరికను వదలకుండా పట్టుకు వేలాడటమే దుఃఖమని బోధించిన భిక్షువులు దాదాపు రెండు వేల ఏళ్ళ కింద అక్కడ బతికారు.

ఇక సిరిమాను దగ్గరకు వద్దాం. ఏటా విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధం నాటి కథ అది. అన్న, విజయనగరం రాజు విజయరామరాజును యుద్ధానికి వెళ్ళవద్దని వారించిన చెల్లెలు పైడిమాంబ, ఆయన మరణవార్త విని పెద్దచెరువులో ప్రాణం విడిచిందని, తర్వాత ఆమె విగ్రహం ఆ చెరువులోనే దొరికిందని చెప్పుకుంటారు. సిరిమానుకు కావలసిన చింతచెట్టు ఎక్కడుందో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందని నమ్మకం. ఆ మాను చివర పూజారి కూర్చుంటే, జనం తలల మీదుగా గాలిలో తేలుతూ ఆయన గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతారు. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల నడుస్తాయి. మేడల మీంచి అరటిపళ్ళు సిరిమాను మీదకు ఎగురుతాయి.

కథ విన్నవాళ్ళు యుద్ధాన్ని గుర్తుపెట్టుకుంటారు. కానీ ఆ కథలో దేవత అయింది గెలిచిన రాజూ కాదు, ఓడిన దొరా కాదు. మాట వినిపించుకోని ఇంట్లో దుఃఖపడిన ఆడపడుచు. ఈ సంగతి విజయనగరం వాళ్ళకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. అందుకే ఆ వారం ఊరి ఆడపడుచులందరూ పుట్టింటికి వస్తారు. రాయగడ నుంచి ఒకరు, రాయపూర్ నుంచి ఒకరు, హైదరాబాద్ నుంచి ఇంకొకరు. చాపలు పరుస్తారు, సాలవు. పక్కింటి వాళ్ళ చాపలు తెస్తారు. ఏడాదిగా మాట్లాడుకోని అన్నాతమ్ముళ్ళు మేడ మీద ఒకే పిట్టగోడ పట్టుకుని నిలబడాల్సి వస్తుంది. మాను కదలగానే "అదిగో, అదిగో" అని ఒకరి భుజం ఒకరు తడతారు. ఆ తట్టడంతోనే తెగిన మాటలు మళ్ళీ కలిసిన ఇళ్ళు ఉంటాయి.

మొక్కు తీర్చుకోవడం వల్ల కలిగే తృప్తిలో దేవత మీద నమ్మకం ఎంత, ఈ చాపలూ పిట్టగోడలూ ఎంత? చేయూన్ లిమ్, రాబర్ట్ పుట్నం అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 2010లో సరిగ్గా ఇలాంటి ప్రశ్నకే జవాబు వెతికారు. వాళ్ళు చూసింది అమెరికాలో చర్చికి వెళ్ళేవాళ్ళను. ప్రతి వారం వెళ్ళి, అక్కడ ముగ్గురి నుంచి అయిదుగురు దగ్గరి స్నేహితులు ఉన్నవారిలో 33 శాతం మంది జీవితం పట్ల అత్యంత సంతృప్తితో ఉన్నామన్నారు. ప్రతి వారం వెళ్తూ, అక్కడ దగ్గరివాళ్ళు ఎవరూ లేనివారిలో అలా అన్నది 19 శాతమే. దేవుడి మీద విశ్వాసం ఎంత గాఢంగా ఉందన్నదానికంటే, ఆ విశ్వాసం పంచుకునే మనుషులు పక్కన ఉన్నారా లేరా అన్నదే ఎక్కువ తేడా తెచ్చింది.

మొక్కుబడి అన్న మాటకు తెలుగులో ఏ గతి పట్టిందో చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. దేవుడికి ఇచ్చిన మాట చెల్లించడం అన్న గొప్ప అర్థం నుంచి, పైపైన చేసేసే పని అన్న అర్థానికి అది దిగిపోయింది. మనుషులూ మనసూ లేకుండా చెల్లించిన మొక్కులు అన్ని ఉండబట్టే ఆ మాట అలా అరిగిపోయి ఉంటుంది.

దేవుణ్ణి నమ్మనివాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. ఉద్యమాల్లో, యూనియన్లలో, గ్రంథాలయాల్లో బతుకంతా గడిపిన నాస్తికులు ఈ రెండు జిల్లాల్లో తక్కువేం లేరు. ముసలితనంలో వాళ్ళ ఇంటికి వచ్చిపోయే జనాన్ని చూస్తే తృప్తికి గుడి తప్పనిసరి కాదని అర్థమవుతుంది.

ఇంతవరకూ నమ్మకం చేసే మేలు. అదే నమ్మకం మనిషిని నమిలేయడం చూడాలంటే శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం వెళ్ళాలి. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు ఇల్లిల్లూ తిరుగుతోంది. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. చుట్టూ కొబ్బరి, జీడి, పనస తోటలు. సుగరూ బీపీ లేని వ్యవసాయ కూలీలకు కూడా కిడ్నీలు పాడవుతాయి. చాలాకాలం ఏ లక్షణమూ కనిపించదు, తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. నీళ్ళు, ఎండలో పని, మట్టి, మందులు, వంశపారంపర్యం అంటూ ఎన్నో కోణాల్లో వెతికారు, ఇదే అసలు కారణమని ఒక్కదాన్ని తేల్చలేదు. కారణం తేలని జబ్బు ఉన్నచోట నమ్మకాలు తొందరగా మొలుస్తాయి.

డయాలసిస్ చేయించుకునే మనిషి రోజు ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలి. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున మంచం మీద. డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపి కుడతారు, దాన్నే ఫిస్టులా అంటారు. అది ఉన్న చేత్తో బరువు ఎత్తకూడదు. అంతవరకూ అరటిగెలలు మోసిన చెయ్యి అది. తాగే నీళ్ళకు లెక్క. ఇంట్లో ఒక సీసా పెట్టుకుని, పొద్దున మందులకింత, అన్నంలోకి ఇంత అని చూసుకుంటూ గుక్కలు లెక్కపెట్టాలి. మే నెల ఎండలో ఎదురుగా కొబ్బరి బొండాం ఉంటుంది. అందులో పొటాషియం ఎక్కువ కాబట్టి ముట్టుకోకూడదు. తోట నిండా బొండాలే.

ఇలాంటి మంచం చుట్టూ రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "ఏటి సేస్తాం బాబూ, మన రాత అలగుంది. రేపు సెంటర్‌కి ఏ బస్సుకెళ్దాం?" అన్నది ఒకటి. "ఏ జన్మలో ఏం పాపం చేసుకున్నాడో" అన్నది ఇంకొకటి. పైకి రెండూ కర్మ సిద్ధాంతాలే అనిపిస్తాయి. కానీ మొదటిదాంట్లో రాత మీద భారం వేసేసి మనిషి తేలికపడ్డాడు, వెంటనే బస్సు గురించి అడిగాడు. రెండోదాంట్లో భారమంతా తిరిగి రోగి గుండెల మీదే పడింది. ఆ మాట పక్కింటివాళ్ళు అంటే నొప్పి. రోగి తనకు తానే అనుకుంటే అది జబ్బు మీద ఇంకో జబ్బు.

2001లో కెన్నెత్ పార్గమెంట్ బృందం అమెరికాలో ఆసుపత్రిలో చేరిన, 55 ఏళ్ళు దాటిన 596 మందిని రెండేళ్ళపాటు గమనించింది. దేవుడు తనను వదిలేశాడా, తన మీద ఆయనకు ప్రేమ లేదా అని లోలోపల మథనపడినవారిలో చనిపోయే ముప్పు ఎక్కువగా కనిపించింది. నమ్మకం ఉండటం వేరు, ఆ నమ్మకం తనకే ఎదురు తిరగడం వేరు.

పక్కింటివాళ్ళు ఆ పాపం మాట ఎందుకంటారో కూడా తెలిసింది. 1966లో మెల్విన్ లెర్నర్, కరోలిన్ సిమన్స్ ఒక ప్రయోగం చేశారు. ఒకమ్మాయికి కరెంటు షాకులు తగులుతున్నట్టు చూసేవాళ్ళను నమ్మించారు. ఆ అమ్మాయికి సాయం చేసే వీలు లేనివాళ్ళు కొద్దిసేపటికే ఆమెలో ఏదో లోపం ఉందన్నట్టు, ఆమెను తక్కువ చేసి మాట్లాడటం మొదలుపెట్టారు. ఆమెను ఆ బాధ నుంచి తప్పించే అవకాశం దొరికినవాళ్ళు అంతగా తక్కువ చేయలేదు. లోకం న్యాయంగానే నడుస్తోందన్న నమ్మకాన్ని కాపాడుకోవడానికి, కళ్ళెదుట ఉన్న మనిషిని దోషిని చేసేస్తాం. సాయం చేసే దారి దొరికితే ఆ అవసరం రాదు. ఊళ్ళలో మంచివాళ్ళు కూడా కటువుగా ఎందుకు మాట్లాడతారో చెప్పడానికి దీన్ని మించిన వివరణ కనబడదు. చేతులు కట్టేసినట్టుండే చోట నాలుక పాపం మూటగడుతుంది.

అందుకే ఉద్దానంలో నమ్మకాల గురించి మాట్లాడేవాళ్ళు నీళ్ళ గురించీ, ఆసుపత్రి గురించీ మాట్లాడకపోతే తప్పు చేసినట్టే. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపులైను వేసి వంశధార నీళ్ళు ఇళ్ళకు ఇచ్చే పథకాన్ని, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రిని, పరిశోధన కేంద్రాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు. దశాబ్దాలు ఎదురుచూసిన తర్వాత వచ్చాయవి. ఎడ్ డీనర్, మరో ఇద్దరు 2011లో 150కి పైగా దేశాల సర్వేలు కలిపి చూసినప్పుడు, ఆకలి, తక్కువ ఆయుర్దాయం ఉన్న కష్టమైన దేశాల్లోనే మతవిశ్వాసం ఉన్నవాళ్ళు లేనివాళ్ళకంటే సంతృప్తిగా ఉన్నారని, బతుకు సుఖంగా ఉన్నచోట ఆ తేడా దాదాపు మాయమైందని తేలింది. సదుపాయాలు ఇవ్వాల్సిన ఆసరా లేనిచోట నమ్మకం ఆ పని చేస్తోందన్నమాట. ఆ పని చేస్తున్నందుకు నమ్మకానికి చేతులెత్తి మొక్కవచ్చు. దాన్ని సాకుగా చూపి సదుపాయాలు ఆపడానికి మాత్రం ఎవరికీ హక్కు లేదు. ఉన్నంతలో తృప్తిపడాలన్న మాట మనిషి తనకు తాను చెప్పుకుంటే బలం. కడుపు నిండినవాడు కడుపు మాడేవాడికి చెబితే అది మోసం.

నమ్ముకోవడం అన్న మాటకు నిలువెత్తు రూపం 2018 అక్టోబరు 11 తర్వాత ఇదే ఉద్దానంలో కనిపించింది. ఆ తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి కొబ్బరి తోటలు నేలమట్టం. నిలబడ్డ చెట్లలో కూడా చాలావాటికి నడినెత్తిన ఉండే లేత చిగురు, మొవ్వు, విరిగిపోయింది. మొవ్వు విరిగితే కొబ్బరి చెట్టు ఇక బతకదు. కన్నకొడుకు అన్నం పెట్టకపోయినా కొబ్బరి చెట్టు పెడుతుందని చెప్పుకునే ఇళ్ళలో, ఒక్కో పెరట్లో పదేసి ఇరవయ్యేసి మంది కొడుకులు ఒక్క రాత్రిలో పోయినట్టయింది. నాలుగేళ్ళ ముందు హుద్‌హుద్ చూసిన జిల్లాయే ఇది. మళ్ళీ తుపాను రాదని ఎవరూ నమ్మలేదు, నమ్మించబోయినా వినేవాళ్ళు కాదు.

అయినా మళ్ళీ నాటారు. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. అరవై దాటిన రైతు గునపం పట్టుకుని మూడడుగుల గొయ్యి తవ్వుతున్నప్పుడు ఆ కాయలు తానే తింటానన్న ధీమాతో తవ్వడు. గొయ్యి ఎండనిస్తాడు, అడుగున ఇసుక, పశువుల ఎరువు వేస్తాడు. నారు కాయను నిలబెట్టి, మట్టి సర్ది, కాలి మడమతో చుట్టూ అదుముతాడు. గాలికి కదలకుండా పక్కన ఒక కర్ర పాతి తాటి నారతో కడతాడు. పక్క సాలులో ఇది మనవడిది, అది చిన్నమ్మాయిదని ఇంటావిడ పేర్లు పెడుతుంటుంది. కొబ్బరి ఎదిగేలోగా ఇల్లు గడవాలి కాబట్టి మధ్య ఖాళీలో కందో పసుపో వేయాలని ఇద్దరూ లెక్కలేసుకుంటారు. ఎండ ఎక్కేలోపు ఇంకో నాలుగు గోతులు అవ్వాలి.